హన్మకొండలో పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్: క్లినిక్ ఎలా ఉందంటే

డాక్టరమ్మ పని మాత్రం పక్కా. పిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు, రెండు నెలల్లో ఈనేస్తుంది, ఇంకెందుకు ఆగడం అని సూటిగా చెప్పింది, ఆపరేషన్ అయితే గర్భసంచికి చీము పట్టే జబ్బు టెన్షన్ కూడా తప్పుతుందట. కుట్లు నీట్‌గా వేశారు. కానీ నాకకుండా మెడకు పెట్టే కాలర్ కుక్క సైజుది ఇచ్చారు, అది తగిలించుకుని మా బుజ్జి వెనక్కి వెనక్కి నడుస్తూ బీరువాకు గుద్దుకుంది, చివరికి చిన్నది బయట కొన్నాం. కుక్కల్నీ పిల్లుల్నీ ఒకే బెంచీ దగ్గర కూర్చోబెట్టడం అస్సలు నచ్చలేదు, బుట్ట మీద తువ్వాలు కప్పి తీసుకెళ్లండి. నొప్పికి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయొద్దు, పిల్లులకు అది విషం అని కాంపౌండర్ గట్టిగా చెప్పి పంపాడు, మంచి పని. మగపిల్లికైతే ఇంకా తొందరగా అయిపోతుంది, ఫీజు తక్కువే.