జోడుగుళ్లపాలెం రాళ్ల మీద నడక: గైడు భేష్, టైమే బాలేదు

విశాఖ జోడుగుళ్లపాలెం తీరంలో, నీరు తగ్గినప్పుడు బయటపడే రాళ్ల మీది జీవుల్ని గైడు చూపించే నడక ఇది. గైడు దగ్గర సరుకుంది. మొదట చూపించింది రాతి మీది పట్టీలు, అంటే ఎత్తుని బట్టి ఒక్కో వరసలో ఉండే జీవులు. పై అంచున సున్నం చుక్కల్లా బార్నకిల్స్, రాతికి అతుక్కుని బతికే పెంకు జీవులు. నీరు తగ్గగానే మూత బిగించి లోపలి తడి కాపాడుకుంటాయి. అది చేతకాని సీ ఎనిమోన్లు (పువ్వుల్లాంటి మెత్తటి జీవులు), సీ అర్చిన్లు (ముళ్ల బంతుల్లాంటివి) కింది గుంటల్లో ఉంటాయి. అక్కడా సుఖం లేదు: ఎండకి నీరావిరై ఉప్పు పెరుగుతుంది, గట్టి వాన పడితే చప్పబడుతుంది.

కాలాల సంగతి ఇంకా బాగా చెప్పాడు. మార్చి నుంచి మే దాకా విశాఖ తీరంలో లోతు నుంచి చల్లటి నీరు పోషకాలతో పైకొస్తుంది, ప్లవకాలు (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) పెరుగుతాయి, చేపకి మేత. అక్టోబరు దాటాక ప్రవాహం దక్షిణానికి తిరిగి, గంగా బ్రహ్మపుత్రల ఉప్పు తక్కువ నీటిని ఇటు మోసుకొస్తుంది.

తేడా కొట్టింది టైమింగ్. ప్రతి ఆదివారం ఆరున్నరకే అంటే ఎలా? ఆటుపోట్లు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. వారానికి దాదాపు ఆరు గంటలు, పాటు నుంచి పోటుకి పట్టేదీ అంతే. అంటే ఈ వారం బయటపడ్డ రాళ్లు పై వారం అదే టైముకి నీళ్లలో! బుక్ చేసేముందు టైడ్ టేబుల్ (ఆటుపోట్ల సమయాల పట్టిక) చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో, నీరు పూర్తిగా తగ్గడానికి గంట ముందు దిగాలి.

చెప్పులొద్దు, నాచు మీద జారతాయి. గ్రిప్పున్న రబ్బరు బూట్లు వేసుకోండి. ఎత్తిన రాయి తిరగేసి వదిలేస్తే అడుగున బతికేవి ఎండకి చస్తాయి. ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు. అయిదుకి మూడున్నర.