ఎన్‌బీఏ 2కె25: బర్డ్, లెబ్రాన్ వాదనకు ఒక కొలబద్ద

భీమవరం, పాలకొల్లు, అమలాపురం ప్రాంతాల్లో వాలీబాల్, కబడ్డీలతో పోలిస్తే బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళు తక్కువే అయినా, ఆడేవాళ్ళ మధ్య వాదనలకు కొదవ లేదు. వాటిలో ఎన్నేళ్ళు గడిచినా తెగనిది, స్మాల్ ఫార్వర్డ్ (జట్టులోని అయిదుగురిలో, ఎక్కువగా కోర్టు అంచుల నుంచి ఆడుతూ స్కోరు చేసేవాడు) స్థానంలో అన్ని కాలాలకూ గొప్పవాడు ఎవరన్న వాదన. ఒకప్పుడు కాలేజీ జట్లలో ఆడి ఇప్పుడు యాభై దాటినవాళ్ళు 1980లలో బోస్టన్ సెల్టిక్స్‌కు ఆడిన లారీ బర్డ్ పేరు చెబుతారు. పొద్దున్నే ఫోన్‌లో లైవ్ మ్యాచ్ చూసి క్లాసుకు వెళ్ళే కుర్రాళ్ళు లెబ్రాన్ జేమ్స్ తప్ప మరొకరి పేరు చెవిన పెట్టరు. ఈ వాదనను కేకల దాకా పోనివ్వకుండా ఒక పద్ధతిలో పెట్టగలిగిన వస్తువు నాకు కనిపించినంతలో అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ పేరున వచ్చిన ఎన్‌బీఏ 2కె25 అనే వీడియో గేమ్. భీమవరంలో ప్లేస్టేషన్ 5 పెట్టి గంటల లెక్కన ఆడనిచ్చే ఒక గేమింగ్ సెంటర్‌లో కొన్నాళ్ళుగా దీన్ని ఈ ప్రశ్న కోసమే ఆడుతున్నాను కనుక, నా సమీక్ష కూడా ఆ మేరకే ఉంటుంది.

విజువల్ కాన్సెప్ట్స్ రూపొందించగా 2కె సంస్థ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన ఈ ఆటలో ‘మై ఎన్‌బీఏ’ అనే విభాగం ఉంది. ఒక జట్టు నిర్వహణను చేతిలోకి తీసుకుని ఏళ్ళ తరబడి నడుపుకుంటూ పోవడం దాని స్వరూపం. అందులో ‘ఎరాస్’ను ఎంచుకుంటే, ఆనాటి మేటి ఆటగాళ్ళ పేర్లు పెట్టిన కాలాలు, అంటే 1983లో మొదలయ్యే మ్యాజిక్–బర్డ్ కాలం, 1991 నాటి జోర్డాన్ కాలం, 2002 నాటి కోబీ కాలం, 2010 నాటి లెబ్రాన్ కాలం, 2016 నాటి స్టెఫ్ (స్టెఫెన్ కరీ) కాలం, వాటితో పాటు నేటి కాలం కనిపిస్తాయి. చివర చేరిన స్టెఫ్ కాలం ఈ సంచికలోనే కొత్తగా వచ్చింది. కాలం మార్చితే ఆటగాళ్ళ పేర్లతో పాటు పొట్టి నిక్కర్లు, పాత టీవీలో చూస్తున్నట్టుండే వెలిసిన రంగులు, ఆనాటి జట్లు బంతిని తిప్పిన తీరు, ఆనాటి నిబంధనలు కూడా మారిపోతాయి.

మన వాదనల్లో తరచూ పక్కకు పోయేది ఈ నిబంధనల సంగతే. మూడు పాయింట్ల గీత (దాని అవతలి నుంచి బుట్టలో వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లు) ఎన్‌బీఏలోకి 1979–80 సీజన్‌లో వచ్చింది. ఒక్కొక్క ఆటగాణ్ణి కాక కోర్టులో ఒక్కొక్క ప్రాంతాన్ని కాపాడే జోన్ డిఫెన్స్‌ను 2001–02 నుంచి అనుమతించారు. బంతి పట్టుకున్నవాడి మీద చేయి వేసి నిలువరించడాన్ని 2004 నుంచి గట్టిగా అరికట్టారు. ఈ మార్పులకు అటూ ఇటూ ఆడినవాళ్ళ సగటులను ఒకే పట్టికలో పక్కపక్కన రాసి తీర్పు చెప్పడం న్యాయం కాదని నోటితో ఎంత చెప్పినా కుర్రాళ్ళకు ఎక్కదు గాని, 1983 కాలంలో ఒక మ్యాచ్, 2016 కాలంలో ఒక మ్యాచ్ ఆడిస్తే వాళ్ళే ఆ మాట అంటారు.

బర్డ్ షాట్‌ను ఎంత శ్రద్ధగా మలిచారో ప్రత్యేకంగా చెప్పాలి. ఆయన బంతిని నుదుటి ముందు నుంచి కాక, తలకు కుడిపక్కన, దాదాపు చెవి వెనకదాకా తీసుకెళ్ళి అక్కడి నుంచి ఎత్తుగా వదిలేవాడు. పాదాలు నేలను విడిచేది కొద్దిగానే అయినా, ఆరడుగుల తొమ్మిది అంగుళాల మనిషి అంత వెనక నుంచి, అంత పైనుంచి వదిలే బంతిని డిఫెండర్ చేయి అందుకోలేకపోయేది. ఆటలోనూ మోచేయి ఆ వాలులోనే లేస్తుంది. బటన్ నొక్కి పట్టుకుంటే మీటర్ నిండుతుంది, సరిగ్గా నిండిన క్షణంలో వేలు తీస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది. బర్డ్ విషయంలో ఆ క్షణం కోసం కాస్త ఓపిక పట్టాలి. ఎదుటివాడు తన మీదికి ఎగరడం చూసి కంగారుపడి వేలు తీసేవాడికి ఆయన దక్కడు. పాసుల్లో కూడా అంతే. 1985–86 బోస్టన్ సెల్టిక్స్‌ను ఎంచుకుని సహచరులు మెక్‌హేల్‌కు, పారిష్‌కు బంతి అందిస్తూ ఆడినప్పుడు, ఆ జట్టు ఆ సీజన్‌లో 67 మ్యాచ్‌లు ఎలా గెలిచిందో, సొంతగడ్డ మీద 41 మ్యాచ్‌ల్లో ఒక్కటే ఎందుకు ఓడిందో కళ్ళకు కడుతుంది. వరుసగా 1984, 1985, 1986ల్లో మూడు ఎంవీపీలు (సీజన్ మేటి ఆటగాడి పురస్కారాలు) అందుకున్న మనిషి తన ఉచ్చదశలో ఎలా ఉండేవాడో ఇంతకన్నా దగ్గరగా చూపించడం కష్టం.

ఈ సెల్టిక్స్‌ను 2012–13 మయామీ హీట్ మీదికి దింపడం ఈ ఆటలోని అసలు ఆకర్షణ. మా మేనల్లుడు లెబ్రాన్‌ను తీసుకుంటాడు, నేను బర్డ్‌ను తీసుకుంటాను. “మావయ్యా, మీ బర్డ్ నా లెబ్రాన్‌ను ఒక్క డ్రైవ్‌లోనైనా ఆపాడా చెప్పండి” అన్నది వాడి నిత్య ప్రశ్న. బంతితో బుట్ట వైపు దూసుకొచ్చే లెబ్రాన్‌ను ఆపలేడు, నిజమే. పక్కకు జరిగే వేగంలో బర్డ్ లెబ్రాన్‌కు సాటి రాడు. అయితే ఎదుటి జట్టులో ప్రమాదకరమైన ఫార్వర్డ్‌ను పొడవాటి చేతులున్న మెక్‌హేల్‌కు అప్పగించి, బర్డ్‌ను తక్కువ స్కోరు చేసే ఫార్వర్డ్ మీద ఉంచి, దారి తప్పిన పాసుల కోసం కాపు కాయించడం ఆనాటి బోస్టన్‌కు అలవాటైన పద్ధతి. 1987 ఈస్టర్న్ ఫైనల్స్ (తూర్పు విభాగం తుది సిరీస్) అయిదో మ్యాచ్ చివరి క్షణాల్లో ఎదుటి జట్టు డెట్రాయిట్ ఆటగాడు ఐజయా థామస్ గీత బయటి నుంచి వేసిన ఇన్‌బౌండ్ పాసును బర్డ్ లాక్కుని సహచరుడు డెన్నిస్ జాన్సన్‌కు అందించింది ఈ నేర్పుతోనే. ఆటలో కూడా ఆ ఏర్పాటు చేసుకుంటే మ్యాచ్ చివరిదాకా సాగుతుంది.

ఇక మూడు పాయింట్ల సంగతి. 1985–86 సీజన్‌లో బర్డ్ బుట్టలో వేసిన మూడు పాయింట్ల షాట్లు 82. లీగ్ మొత్తంలో ఎక్కువ వేసింది ఆయనే. ముప్ఫయ్యేళ్ళ తరువాత, 2015–16లో స్టెఫెన్ కరీ 402 వేశాడు. ఈ రెండు అంకెలను పక్కన పెట్టుకుని ఆడితే, ఈనాటి శైలి జట్టులో బర్డ్‌కు ఎన్ని షాట్లు తెరుచుకునేవో ఊహించడం కష్టం కాదు. పాతవాళ్ళు ఈనాటి ఆటకు నిలవరన్న మాటకు నా సమాధానం ఇదే.

లెబ్రాన్‌ను ఆడించేటప్పుడు అనుభవం వేరు. బంతిని కోర్టు ఇవతల నుంచి అవతలికి తనే తెస్తాడు, తనే పాస్ ఇస్తాడు, వెనక్కి పరుగెత్తి బ్లాక్ చేస్తాడు. 2016 ఫైనల్స్‌లో, అంటే లీగ్ టైటిల్ పోరులో, అతను చేసింది ఇదే. ఆ సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్ చేతిలో 3–1 తేడాతో వెనకబడిన క్లీవ్‌లాండ్‌ను గెలిపిస్తూ, పాయింట్లు, రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), అసిస్టులు (స్కోరుకు దారితీసే పాసులు), స్టీల్స్ (బంతి లాక్కోవడం), బ్లాక్‌లు (షాట్‌ను అడ్డుకోవడం) అనే అయిదింటిలోనూ రెండు జట్లలోకీ ముందు నిలిచాడు. ఏడో మ్యాచ్‌లో గోల్డెన్ స్టేట్ ఆటగాడు ఇగ్వోడాలా బుట్ట దగ్గర వేసిన లేఅప్‌ను వెనక నుంచి వచ్చి బోర్డుకు అదిమిన ఆ బ్లాక్ ఒక్కటి చాలు, స్మాల్ ఫార్వర్డ్ అనే స్థానానికి హద్దులు ఎంతగా చెరిపేశాడో చెప్పడానికి. స్కాటీ పిపెన్, కెవిన్ డ్యూరాంట్, కవై లెనర్డ్ ముగ్గురూ ఈ ఆటలో ముచ్చటగా ఉన్నారు గాని, మొదటి స్థానానికి పోటీలో నేను వారిని లెక్కలోకి తీసుకోను.

ఈ ఆటలో నాకు నిజంగా బాధ కలిగించే లోటు, కాలాలు 1983 కంటే వెనక్కి వెళ్ళకపోవడం. అందువల్ల జూలియస్ ఎర్వింగ్ ముప్ఫై మూడేళ్ళ వయసులోనే మనకు ఎదురవుతాడు. ఒకప్పటి పోటీ లీగ్ అయిన ఏబీఏలో వరుసగా మూడు ఎంవీపీలు అందుకున్న యువకుణ్ణి ఆనాటి లీగ్‌లో ఆడించే అవకాశం లేదు. అంతకన్నా పెద్ద అన్యాయం లేకర్స్ జట్టు ఆటగాడు ఎల్జిన్ బేలర్‌కు జరిగింది. ఈ స్థానంలో గాలిలోకి లేచి, అక్కడే నిర్ణయం మార్చుకుని స్కోరు చేయడం నేర్పినవాడు ఆయన. 1961–62లో ఆర్మీ రిజర్వ్ విధుల్లో ఉండి, సెలవు దొరికినప్పుడు మాత్రమే వచ్చి 48 మ్యాచ్‌లు ఆడి, సగటున 38.3 పాయింట్లు చేశాడు. ఆ ఏడాది ఫైనల్స్ అయిదో మ్యాచ్‌లో బిల్ రస్సెల్ కాపు కాస్తున్న బోస్టన్ మీద 61 పాయింట్లు చేశాడు. ఫైనల్స్‌లో ఒక మ్యాచ్‌కు అదే నేటికీ రికార్డు. ఆరడుగుల అయిదు అంగుళాల మనిషి, కెరీర్ మొత్తం మీద మ్యాచ్‌కు 13.5 రీబౌండ్లు తీశాడు. ఆయన ఉండగా లేకర్స్ ఎనిమిదిసార్లు ఫైనల్స్ చేరి ఒక్కటీ గెలవలేకపోయారు. మోకాళ్ళు సహకరించక 1971–72 సీజన్ మొదట్లోనే తప్పుకుంటే, లేకర్స్ వెంటనే వరుసగా 33 మ్యాచ్‌లు గెలిచి ఆ ఏడాది టైటిల్ కూడా అందుకున్నారు. మూడు పాయింట్ల గీత లేని ఆ కాలాన్ని ఒక ఎరాగా ఇచ్చి ఉంటే, ఉంగరాల (గెలిచిన టైటిళ్ళ) లెక్కతో ఆయనను పక్కన పెట్టేవాళ్ళకు ఆయన ఆట ఏమిటో చేతులతో తెలిసేది.

రెండో పరిమితి ఆట స్వభావంలోనే ఉంది. పాత జట్లతో తలపడేటప్పుడు ప్రతి ఆటగాడూ ఒక సీజన్‌లో ఆగిపోయి ఉంటాడు కనుక, పోటీ ఎప్పుడూ ఒక ఏడాదికీ మరొక ఏడాదికీ మధ్యే జరుగుతుంది. ఆ లెక్కన చూస్తే 1986 నాటి బర్డ్‌ను నేను ఎవరికీ తక్కువగా ఒప్పుకోను. కాని గొప్పతనం అంటే ఏళ్ళ తరబడి మోసిన బరువు కూడా. వెన్నునొప్పితో బర్డ్ 1992లో 897 మ్యాచ్‌ల దగ్గర ఆగిపోయాడు. లెబ్రాన్ 2011 నుంచి 2018 దాకా వరుసగా ఎనిమిది ఫైనల్స్ ఆడాడు, 2023 ఫిబ్రవరిలో కరీమ్ అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్ల రికార్డు దాటాడు, ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో 40,000 పూర్తి చేశాడు. అందుకే నా తీర్పు లెబ్రాన్ మొదట, బర్డ్ రెండు, బేలర్ మూడు. ఒక్క సీజన్‌కు, ఒక్క మ్యాచ్‌కు జట్టు కట్టమంటే మాత్రం బర్డ్‌నే అడుగుతాను.

గేమింగ్ సెంటర్ విషయానికి వస్తే, తెర పెద్దది, ఏసీ సరిగ్గా పనిచేస్తుంది, కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద మ్యాచ్ ఆగదు. కంట్రోలర్లలో కొన్నింటి ఎడమ స్టిక్ అరిగిపోయి, మనం కదపకపోయినా ఆటగాడు తనంతట తాను పక్కకు జరుగుతుంటాడు. బర్డ్ లాంటి నిలకడైన షూటర్‌కు ఇది ప్రాణాంతకం కనుక, కూర్చునే ముందు ఒకటి రెండు పరీక్షించి తీసుకోవాలి. ఇంట్లో కొనుక్కోదలచినవారు కన్సోల్‌లో వంద జీబీకి పైగా ఖాళీ ఉంచుకోవాలి. పర్సనల్ కంప్యూటర్‌లో కూడా ఈ సంచిక నుంచి ఎరాస్ దొరుకుతుంది. మై కెరీర్, మై టీమ్ విభాగాలు ఆటలో వాడే నాణేల కోసం మళ్ళీ మళ్ళీ డబ్బు ఖర్చు పెట్టించేలా ఉంటాయి. ఈ వాదన కోసం కొనేవారికి వాటి జోలికి వెళ్ళాల్సిన పని లేదు, నచ్చిన జట్లతో వెంటనే మ్యాచ్ ఆడే ప్లే నౌ, మై ఎన్‌బీఏ రెండూ సరిపోతాయి.