రెండు లక్షల గిటారు, ఆరేళ్ల ఉప్పుగాలి

మా మేనల్లుడు గాజువాకలో ఉంటాడు. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది, లక్షన్నర కూడబెట్టాడు. ఇంకో లక్ష అప్పు తెచ్చి నా దగ్గరున్నలాంటి గిటారే కొంటానని పోయిన నెల మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. "మావయ్యా, ఒక్క మాట చెప్పు. కొనమంటావా, వద్దంటావా?" అన్నాడు. ఆరేళ్లు వాయించినవాణ్ణి, ఒక్క మాటలో చెప్పలేకపోయాను. అందుకే ఈ రాత.

నాది లెస్ పాల్ తరహా ఎలక్ట్రిక్ గిటారు. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. గిటారు తల మీద రాసిన పేరు చూసి మనసు పారేసుకునే జబ్బు నాకు చాలాకాలం ఉండేది, దాన్ని ఇంకొకరికి అంటించడం ఎందుకు? ఈ నమూనాను గిబ్సన్ కంపెనీ 1952లో, లెస్ పాల్ అనే అమెరికన్ గిటారు విద్వాంసుడి పేరు పెట్టి తెచ్చింది. తర్వాత ఎంతోమంది ఆ పోలికతో చేశారు. మహాగని దేహం, దాని మీద మేపుల్ పలక, మెడ మీద రోజ్‌వుడ్ పలక, 22 మెట్లు, రెండు హంబకర్ పికప్‌లు (పికప్ అంటే తీగ కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతపు తీగచుట్ట). 2019లో 2,10,000 రూపాయలు పెట్టాను. అంతకుముందు పదకొండేళ్లు వాయించింది ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ పోలికలో ఉన్న మామూలు గిటారు, ఖరీదు 14,000. దాన్ని ఇప్పటికీ అమ్మలేదు కాబట్టి నేను చెప్పేదంతా ఆ రెండింటి మధ్య పంచాయితీ అనుకోండి.

కొత్తది వచ్చిన రాత్రి యాంప్లిఫయరు వేసి, ఏమీ వాయించకుండా కాసేపు కూర్చుండిపోయాను. గుయ్యిమనే మోత లేదు! పాత గిటారులో ఒంటి చుట్ట పికప్‌లు ఉన్నాయి. ఇంట్లో తిరిగే 50 హెర్ట్జ్ కరెంటు మోతను, ఫ్యాను రెగ్యులేటరు గొణుగుడును అవి శ్రద్ధగా పట్టుకుని మరీ వినిపిస్తాయి. దీనికి గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ అనే ఇంజనీరు ఒక ఉపాయం కనిపెట్టి 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. రెండు తీగచుట్టలను పక్కపక్కన పెట్టి, వాటి చుట్టు దిశనూ అయస్కాంత ధ్రువాలనూ ఒకదానికొకటి ఎదురు చేశాడు. అప్పుడు గిటారు తీగ నాదం రెండింటిలోనూ కలిసి బలపడుతుంది, బయటి మోత మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. హంబకర్ అంటే ఇదే. పెట్టిన డబ్బుకు మొదటిరోజే ముట్టిన ప్రతిఫలం ఇదే.

అయితే మోత తగ్గినంత మాత్రాన ఇంటి వైరింగు బాగుపడదు. ఒకసారి వినాయక చవితి పందిట్లో గిటారు తీగల మీద చెయ్యి ఉంచి మైకు దగ్గరికి వంగాను. పెదవికి చురుక్కుమని షాక్ తగిలింది. చూస్తే యాంప్లిఫయరు పెట్టిన ప్లగ్గు బోర్డుకు ఎర్తు తీగే కలపలేదు. గిటారు తీగలన్నీ యాంప్లిఫయరు ఎర్తుకే కలిసి ఉంటాయి. అది లేనప్పుడు మైకుకూ గిటారుకూ మధ్య మీరే తీగ అవుతారు. కొనేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇంట్లో ఎర్తు చూపించుకోండి. ఏ ధర గిటారుకైనా ఇది తప్పదు.

రెండో లాభం వేళ్లకు. పాతదానిలో మోగే తీగ పొడవు 25.5 అంగుళాలు, దీనిలో 24.75. ముప్పావు అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ అదే మందం తీగను అదే శ్రుతికి బిగిస్తే బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది, లెక్క వేస్తే దాదాపు 6 శాతం తక్కువ. మోహనంలో గాంధారం మీద కూర్చుని తీగను పక్కకు లాగి పంచమం దాకా వెళ్లాలంటే పాతదానిలో వేలి కొన మంట పుట్టేది, ఇప్పుడు లేదు. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగలు మానేసి, ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌ను ఎందుకు పట్టుకున్నారో నాకు ఈ గిటారు పట్టాకే చేతికి అర్థమైంది. మీటిన స్వరం వెంటనే చచ్చిపోతే గమకానికి చోటెక్కడ?

ఇక నాదం సంగతి. అమ్మ పెళ్లికి ముందు విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంది. బొబ్బిలి వీణ ఇప్పటికీ ఆమె గదిలోనే ఉంది, ఒకే పనస దుంగలో చెక్కింది. కొత్త గిటారును ఒళ్లో పెట్టుకుని "దీనికి కుండ ఏదిరా? ఇంత బరువు ఎందుకు?" అంది. తర్వాత ఆమెను పక్క గదిలో కూర్చోబెట్టి, ఒకే యాంప్లిఫయరులో ఒకే ఆలాపన రెండు గిటార్ల మీదా వినిపించాను. "మొదటిదే బాగుంది, వీణకు దగ్గరగా ఉంది" అని తేల్చేసింది. మొదటిది పద్నాలుగు వేలది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆలోచిస్తే ఆమె చెవి తప్పు కాదు. ఒంటి చుట్ట పికప్‌లో పై స్థాయి మెరుపు ఎక్కువ, హంబకర్ గుండ్రంగా, కాస్త ముసుగు వేసినట్టు పలుకుతుంది. డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన నాదం "ఎక్కువ" రాదు, వేరే నాదం వస్తుంది అంతే.

విశాఖలో ఉండేవాళ్లు ఇక్కడినుంచి నిదానంగా చదవాలి. మాది ఎంవీపీ కాలనీలో నాలుగో అంతస్తు. సాయంత్రం కిటికీ తీస్తే సముద్రపు గాలి నేరుగా హాల్లోకి వస్తుంది. ఎంత హాయి! గిటారుకు మాత్రం అది శత్రువు. మామూలు తీగలు రెండు వారాల్లో గరుకెక్కి, వేలు జారిస్తే నల్లటి మరక అంటుతుంది. పైపూత ఉన్న తీగలు మూడు రెట్లు ఖరీదైనా మూడు నెలలు నిలిచాయి. మూడో వర్షాకాలానికి తీగలు కింద ఆనే బ్రిడ్జి మీది చిన్న స్క్రూల్లో ఒకటి తుప్పుతో బిగుసుకుపోయింది. దాన్ని విప్పడానికి ఒక ఆదివారమంతా నూనె చుక్కలు వేస్తూ కూర్చున్నాను. వాయించడం అయ్యాక పాత పంచె ముక్కతో తీగలు, బ్రిడ్జి తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన పెట్టెలో పెట్టి మూయడం ఇప్పుడు నాకు పళ్లు తోముకోవడం లాంటి అలవాటు. సంక్రాంతి తర్వాత ఒకసారి, తొలకరి తర్వాత ఒకసారి మెడ వంపు చూసి లోపలి ఇనుప కడ్డీని పావు చుట్టు సరిచేయాల్సి వస్తోంది.

దీని పూత నైట్రోసెల్యులోజ్ లక్కర్. పలచగా, చూడటానికి అద్భుతంగా ఉంటుంది, కానీ రబ్బరు తగిలితే పడదు. రబ్బరు తొడుగుల స్టాండు మీద ఒక వేసవి ఉంచితే మెడ వెనక జిగట మచ్చ పడింది. అది ఇక పోదు. పాత గిటారు మీద హుద్‌హుద్ తుపాను రోజు, 2014 అక్టోబరు 12న, కిటికీ అద్దం పగిలి వర్షమంతా కురిసింది. ఆరబెట్టి తీగలు మార్చాను, మళ్లీ మోగింది. కొత్తది ఆ గదిలో ఉండి ఉంటే? ఆ ఊహే వద్దు.

ఇంకో భయం తల దగ్గర. ఈ నమూనాలో తల 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. ఇనుప కడ్డీ మర కోసం సరిగ్గా ఆ మలుపులోనే చెక్కను తొలుస్తారు. నిలబెట్టిన గిటారు వెల్లకిలా పడితే మొదట విరిగేది అక్కడే. మా ఇంటికి పిల్లలు వచ్చినప్పుడు అతిథి మర్యాద మరిచిపోయి ముందు గిటారును పెట్టెలో దాస్తాను. మూడో తీగ శ్రుతి తప్పడం కూడా ఈ వాలు తల గిటార్లకు ఉన్న పాత రోగమే, తల మొదట్లో తీగలు ఆనే పట్టీని నట్టు అంటారు, దాని గాడిలో తీగ పక్కకు మలుపు తిరిగి పట్టేస్తుంది. గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దితే చాలావరకు నయమవుతుంది. బరువు 4.3 కిలోలు. నలభై దాటిన భుజానికి గంటసేపే ఎక్కువ, నేను కూర్చునే వాయిస్తాను.

మేనల్లుడికి చివరికి ఇలా చెప్పాను. అప్పు చేసి మాత్రం కొనకు. నీ యాంప్లిఫయరు పది వాట్లది, దాని గుండా రెండు లక్షల గిటారైనా పది వాట్ల డబ్బాలాగే పలుకుతుంది. ముందు దాన్ని మార్చు. నీ గిటారుకు మెట్లు అరగదీయించి, తీగల ఎత్తు, నట్టు గాళ్లు సరిచేయించు. నా పాతదానికి ఆ పని చేయించడానికి 1,800 అయింది. ఆ పని కొత్తది కొనకముందే చేయించి ఉంటే ఇంకో నాలుగేళ్లు ఆగేవాణ్ణేమో. అప్పటికీ మోత భరించలేక, తీగ లాగలేక వేళ్లు మొండికేస్తే, అప్పుడు నీ లక్షన్నరకు ఇంకాస్త చేర్చుకుని కొను. కొంటే షాపుకు వెళ్లి, ఒకే నమూనావి మూడు నాలుగు ఒళ్లో పెట్టుకుని, అందులో ఒకటి ఎంచుకో. నాది పార్శిల్‌లో తెప్పించాను. తీగలు చిటికెనవేలు దూరేంత ఎత్తులో వచ్చాయి, అడిగితే అమ్మినవాళ్లు పలకలేదు.

"మరి నీది అమ్మేస్తావా?" అన్నాడు. అమ్మను. పొద్దున్నే పెట్టె తెరిచి, తేనెరంగు మేపుల్ మీద ఎండ పడితే కాసేపు చూస్తాను. దానికి లెక్క చెప్పమంటే నా దగ్గర లేదు.

వెళ్లేటప్పుడు పాతదాన్ని శ్రుతి చేసి చేతికిచ్చాను, సెటప్ చేసిన గిటారు ఎలా ఉంటుందో వారం రోజులు వాయించి చూడమని. నెల దాటింది. నిన్న ఫోను చేసి మూడో తీగ మార్చానని, తనకు ఆ గిటారు అలవాటైపోయిందని చెప్పాడు. అమ్మ మాత్రం రోజూ అడుగుతోంది, "ఆ మంచి గిటారు ఎప్పుడు తెస్తాడు?" అని.