నాసిక్ ద్రాక్షతోటల్లో పాయింట్ల లెక్క

షిర్డీ, త్ర్యంబకం చూసుకుని నాసిక్ రోడ్‌లో రైలెక్కేసేవాళ్ళే మనలో ఎక్కువ. ఊరికి పడమరగా గంగాపూర్ డ్యామ్ దారి పడితే, మన దేశపు వైన్‌కి పేరు తెచ్చిన తోటలు కనిపిస్తాయి. ఆ డ్యామ్ కట్టింది గోదావరి మీదే. బాసరకీ భద్రాచలానికీ వచ్చే నీళ్ళు ముందు ఈ తోటల పక్కన నిలబడి వస్తాయన్నమాట. ఈసారి మేం అక్క మొక్కునీ, బావగారి సరదానీ ఒకే ప్రయాణంలో కలిపేశాం.

బావగారు ఉండేది కాలిఫోర్నియాలో. అక్కడి కాస్ట్‌కో స్టోర్లో వైన్ కొనేటప్పుడు ఆయనకి రెండే షరతులు: సీసా దగ్గర పెట్టిన కార్డు మీద వైన్ విమర్శకులు వందకి వేసిన మార్కు 90 పాయింట్లు ఉండాలి, ధర పదిహేను డాలర్లు దాటకూడదు. నాసిక్‌లో ఆ కార్డులు పెద్దగా కనపడవు. దాంతో ఫోన్ తీసి, తాగినవాళ్ళు ఐదుకి చుక్కలు (స్టార్లు) వేసే వివినో యాప్ చూడటం మొదలెట్టారు. నాకూ ఆ పాయింట్ల సంగతి తేల్చుకోవాలని ఎప్పట్నుంచో ఉంది.

ముందు చోట్ల గురించి చెప్తాను. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి సులానే మేలు. రాజీవ్ సామంత్ అమెరికాలో ఒరాకిల్ ఉద్యోగం మానుకుని వచ్చి, అమ్మ సులభ పేరు మీద మొదలుపెట్టిన కంపెనీ ఇది. మొదటి సీసాలు 2000లో వచ్చాయి. ద్రాక్ష పిండే యంత్రం, స్టీలు ట్యాంకులు, ఓక్ చెక్క పీపాల గది అన్నీ ఒక్క చుట్టులో చూపించి, చివర నాలుగైదు రకాలు కొంచెం కొంచెం పోస్తారు. వారాంతంలో ముంబై అంతా ఇక్కడే ఉంటుంది కాబట్టి మంగళ, బుధవారాలు చూసుకోండి. దగ్గర్లోనే ఉన్న యార్క్ వైనరీ కూడా 2021 నుంచి సులాదే. అక్కడ డ్యామ్ నీళ్ళ మీద సాయంత్రపు ఎండ చూస్తూ కూర్చోవచ్చు. పిల్లలూ పెద్దవాళ్ళూ వెంట ఉంటే అదే హాయి.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇగత్‌పురి వైపున్న వల్లొనే. ముకణే జలాశయం ఒడ్డున చిన్న వైనరీ, దూరం కొంచెం ఎక్కువే. చిన్నచోట ఉన్న లాభం ఏమిటంటే, పోసే మనిషిని నిలబెట్టి ప్రశ్నలు అడగొచ్చు. అక్కడే తెలిసింది నాకు, ఈ ప్రాంతంలో తీగని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారట. ఏప్రిల్లో ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి. కాయ కోసేది జనవరి నుంచి మార్చి దాకా. అంటే సీసా మీద 2024 అని ఉంటే అది ఆ ఏడాది మొదట్లో కోసిన పండు. ఫ్రాన్సులో అదే అంకెకి పండు కోసేది శరదృతువులో. తెల్ల వైన్ కొనేటప్పుడు ఈ ఆరునెలల తేడా పనికొస్తుంది, ఎలాగో తర్వాత చెప్తాను.

బస విషయంలో ఒక జాగ్రత్త. మేం ‘వైన్‌యార్డ్ వ్యూ’ అని ఎక్కువ పెట్టి బుక్ చేసిన గదికి ఎదురుగా ఉన్నది మనం తినే ద్రాక్ష పందిరి! పోల్చుకోవడం తేలికే. తినే ద్రాక్ష తలెత్తు పందిరి మీద అల్లుకుని గుత్తులు కిందికి వేలాడతాయి. వైన్ ద్రాక్షని తీగల కంచె కట్టి వరసలు వరసలుగా పెంచుతారు, గుత్తులు నడుము ఎత్తులోనే ఉంటాయి. నాసిక్ జిల్లాలో ఎక్కువ భాగం మొదటి రకమే. ఆ హోటల్లో వేడినీళ్ళకీ పడిగాపులే. వైనరీల సొంత రిసార్టులు బాగుంటాయి కానీ వారాంతపు ధర గుండె గుభేలుమనిపిస్తుంది. గంగాపూర్ రోడ్డులో మామూలు హోటల్ తీసుకుని, రోజంతటికీ డ్రైవరుతో కారు మాట్లాడుకోవడమే లాభం. పొద్దున్నే మిసల్ పావ్ కూడా దొరుకుతుంది. తాగి బండి నడిపే ఆలోచన ఎలాగూ వద్దు.

ఇక పాయింట్లు. వందకి మార్కులు వేసే పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేసింది అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్. 1978లో సొంత పత్రిక పెట్టి, ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు 1982 వైన్లని ఆకాశానికెత్తి పేరు తెచ్చుకున్నాడు. పేరుకే వంద, లెక్క మొదలయ్యేది 50 నుంచి. పైగా 85 లోపు వచ్చిన వైన్‌కి ఆ సంగతి ఎవరూ అట్ట మీద రాసి పెట్టరు కాబట్టి, షాపులో మన కంటికి కనపడేది 88కీ 95కీ మధ్య ఆటే. బ్రిటన్ విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్ ఇరవైకి వేస్తుంది. పోటీల్లో పతకాలకీ వెనక పాయింట్లే ఉంటాయి: బ్రిటన్ వైన్ పత్రిక డెకాంటర్ పెట్టే పోటీలో 86 నుంచి 89 వస్తే కంచు, 90 నుంచి 94 వస్తే వెండి. బావగారి 90 అక్కడ వెండి పతకం. అయితే ఆ పోటీలకి వైనరీలే రుసుము కట్టి సీసాలు పంపాలి. పంపని చిన్నవాళ్ళకి పతకం లేకపోతే వైన్ బాగాలేదని కాదు.

ఈ మార్కులు ఎంత నిలకడైనవో కాలిఫోర్నియాలోనే ఒకాయన పరీక్షించాడు. రాబర్ట్ హాడ్జ్‌సన్, గణాంకాల ప్రొఫెసరుగా రిటైరై చిన్న వైనరీ నడిపిన మనిషి. రాష్ట్ర స్థాయి పోటీలో జడ్జిలకి చెప్పకుండా ఒకే సీసాలోంచి మూడు గ్లాసులు పోయించాడు. మూడింటికీ దాదాపు ఒకే మార్కు వేసినవాళ్ళు పదిమందిలో ఒక్కరు. మామూలు జడ్జికి అదే వైన్ మీద అటూ ఇటూ నాలుగు పాయింట్లు తేడా వస్తుందని 2008లో ప్రచురించాడు. అలాంటప్పుడు 88కీ 91కీ మధ్య మనం పెట్టే ఎక్కువ డబ్బు దేనికి?

నేను అదే పని హోటల్ గదిలో చేశాను. కొన్న సీసాలకి మరాఠీ పేపర్లు చుట్టి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేసి, అంకెలు రాశాను. ఒకే షిరాజ్‌ని (ఎర్ర వైన్) రెండో గ్లాసులోనూ నాలుగో గ్లాసులోనూ పోశాను. బావగారు రెండోదాన్ని నోట్లో తిప్పి, “ఇది నలభై డాలర్ల సరుకురా, 92 వేసుకో” అన్నారు. నాలుగోది తాగి మొహం చిట్లించారు. “కొంచెం వగరెక్కువ. 86.” మధ్యలో అక్క తెచ్చిన మసాలా పల్లీలు తిన్నారు మరి. పేపర్లు విప్పాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తప్పంతా పల్లీల మీదికి నెట్టేశారు, అదీ నిజమే!

ఆ పల్లీలతోనే అసలు విషయం పట్టుబడింది. విమర్శకులు మార్కులు వేసేది నీళ్ళూ బ్రెడ్డు ముక్కా పక్కన పెట్టుకుని. మనం తాగేది గుత్తివంకాయతోనో, కోడివేపుడుతోనో. ఎర్ర వైన్‌లోని వగరు కారంతో కలిస్తే నోరు ఇంకా మండుతుంది, ఆల్కహాల్ ఎక్కువైతే ఆ మంట రెట్టింపు. ఓక్ పీపాల్లో నానిన గంభీరమైన వైన్లే పెద్ద మార్కులు కొట్టేస్తుంటాయి, మన భోజనంలో ఓడిపోయేవీ అవే. తెల్ల వైన్లలో కాస్త తియ్యదనం ఉన్న శెనిన్ బ్లాంక్ కారాన్ని చల్లబరుస్తుంది. పులుపు చురుగ్గా ఉండే సోవిన్యోన్ బ్లాంక్ గోంగూర ముందు కూడా చప్పబడదు. మిరపకాయ బజ్జీలకి బుడగల వైన్ లేదా ‘రోజే’ అనే గులాబీరంగు వైన్. మహారాష్ట్రలో ఈ రకాలు వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతాయి. స్థానిక వైన్ మీద ఎక్సైజ్ భారాన్ని అక్కడి ప్రభుత్వం 2001 విధానంతో బాగా తగ్గించింది. అదే సీసా రాష్ట్రం దాటితే ధర పెరిగిపోతుంది.

తెల్ల వైన్‌కి సీసా మీది ఏడాది చూసి తీరాలి. నాసిక్ శెనిన్, సోవిన్యోన్ లేతగా ఉన్నప్పుడు తాగాల్సినవి. నాలుగేళ్ళ కిందటి సీసా డిస్కౌంట్‌లో పెట్టారంటే అది బేరం కాదు, వదిలించుకోవడం. పైగా మన పండు జనవరిలోనే కోతకొస్తుంది కాబట్టి అదే అంకె ఉన్న ఫ్రెంచి సీసా కన్నా వయసులో ఆరునెలలు పెద్దది. కార్డు మీది పాయింట్లు ఏ ఏటి వైన్‌కి ఇచ్చారో కూడా చూడండి. 2019కి వచ్చిన 91ని 2023 సీసా పక్కన పెట్టేసే షాపులు అమెరికాలోనూ ఉన్నాయని బావగారే ఒప్పుకున్నారు. కార్కు బదులు తిప్పి తీసే మరమూత ఉంటే చౌకరకం అనుకోకండి, త్వరగా తాగే వైన్‌కి అదే మంచిది.

‘రిజర్వ్’ అన్న ముద్ర మీదా నాకు పెద్ద నమ్మకం లేదు. స్పెయిన్‌లో ఎర్ర రిజర్వా అనాలంటే మూడేళ్ళు నిలవ ఉండాలి, అందులో ఏడాది పీపాలో. అమెరికాలో అలాంటి నియమమే లేదు, ఎవరిష్టం వాళ్ళది. మన దగ్గర ఆ ముద్రకి కట్టే అదనపు డబ్బులో చాలా భాగం కొయ్యకే పోతుంది. 225 లీటర్ల ఒక్క ఫ్రెంచి పీపాకి వచ్చేది 300 సీసాలే. ఆ వెనిల్లా, కాల్చిన కొయ్య వాసన మీకు నచ్చుతుందో లేదో టేస్టింగ్‌లో తేల్చుకుని అప్పుడు కొనండి. అక్కకి నచ్చలేదు, పన్నెండొందలు మిగిలాయి.

వివినో చుక్కలు పూర్తిగా పనికిరావని అనను. వేలమంది వేస్తే వచ్చిన సగటు, పది మంది వేసిన సగటు కన్నా నయం. కాకపోతే ధర తెలిసే వేస్తారు కాబట్టి ఖరీదైన వాటికి చుక్కలు ఎక్కువే పడతాయి. మామూలు వైన్లు మూడున్నర చుట్టూ తిరుగుతుంటాయి. వెయ్యి లోపు సీసాకి 3.7 ఉంటే నేను ఆలోచించకుండా తీసుకుంటాను.

ఊళ్ళో ఒక రెస్టారెంట్లో ఎర్ర వైన్‌ని ఆ ఎండలో గోరువెచ్చగా తెచ్చి పోశారు. సారా ఘాటు తప్ప ఇంకేం తెలియలేదు. మంచుబకెట్లో పావుగంట పెట్టించాక అదే సీసా దారిలో పడింది. మొహమాటపడకుండా అడగండి. మన ఊరి షాపుల్లోనూ ఇదే తిప్పలు: బీరుకే ఫ్రిజ్, వైన్ మాత్రం పై అరలో ఎండకి నెలల తరబడి నిలబడి ఉంటుంది. అలాంటి చోట 95 పాయింట్ల సీసా అయినా ముట్టుకోను, జోరుగా అమ్ముడయ్యే షాపులో మామూలుదే కొంటాను.

సీసాలు వెంట తెచ్చుకోవాలంటే విమానం నిబంధనలు వేరు, మన రాష్ట్రపు ఎక్సైజ్ నిబంధనలు వేరు. రెండూ చూసుకోండి. మద్యం అమ్మకం ఆపేసే డ్రై డే నాడు వైనరీ దాకా వెళ్ళినా పొయ్యరు. జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా కోత నడుస్తుంటుంది, వెళ్ళడానికి అదే మంచి సమయం. 2027లో నాసిక్‌లో సింహస్థ కుంభమేళా ఉంది. ఆ రోజుల్లో స్నానానికైతే వెళ్ళండి గానీ, తోటల కోసమైతే గదీ దొరకదు, కారూ దొరకదు.