సాగర్ రోడ్డులో ఏటీవీ: టికెట్టు 700, హెల్మెట్టు ఉత్తదే

హైదరాబాద్ నుంచి మాల్, మల్లేపల్లి మీదుగా నాగార్జునసాగర్ దాకా రోడ్డుకు వంక లేదు. లాంచీ, నాగార్జునకొండ మ్యూజియం, హిల్ కాలనీలో రాత్రి బస కూడా సాఫీగానే జరిగిపోయాయి. 180 రూపాయల చేపల పులుసు భోజనమైతే రెండోసారి అడిగి తినేలా ఉంది. చిరాకంతా దారి పక్క రిసార్టులో ఏటీవీ, అంటే మట్టి దారుల్లో నడిపే లావు చక్రాల నాలుగు చక్రాల బండి, ట్రాక్ దగ్గరే.

పది నిమిషాలకు మనిషికి 700. ముందు డబ్బు, తర్వాత ‘ఏం జరిగినా మాకు సంబంధం లేదు’ అన్న కాగితం మీద సంతకం, ఆఖర్న హెల్మెట్. అదీ చెవుల పైదాకా వచ్చే సగం టోపీ. బకిల్ విరిగితే పట్టీని ముడేశారు. లోపలి స్పాంజి ఊడి తెల్లటి థర్మోకోల్ పైకి తేలింది. పెద్దాళ్లకూ పదేళ్ల పిల్లాడికీ అదే సైజు.

తలను కాచేది పైడొప్ప ఒక్కటే కాదు, ఆ థర్మోకోల్ పొర కూడా. దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి ఆ ఊపును మింగుతుంది. ఒకసారి నలిగిందా, మళ్లీ పొంగదు. పైన రంగు చెక్కుచెదరకపోయినా గట్టిగా పడ్డ హెల్మెట్ పనికిరాదు. ముడేసిన పట్టీ మొదటి కుదుపుకే జారొచ్చు. ఇక సగం టోపీ గడ్డానికి, దవడకు ఏమీ చెయ్యదు. ఇక్కడి చెలకల్లో తుమ్మ కంప సరిగ్గా మొహం ఎత్తులోనే ఉంటుంది, కాబట్టి ఫుల్ ఫేస్ కావాల్సిందే.

హెల్మెట్ పెట్టుకోగానే అది చెంపలను కాస్త నొక్కాలి. వెనక అంచు పట్టి ముందుకు లాగితే ఊడి రాకూడదు. పట్టీ కింద రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. కనుబొమల పైన టేపు చుడితే 58 సెంటీమీటర్లు వచ్చినవాళ్లకు మామూలుగా మీడియం, 60 అయితే లార్జ్. ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 4151 (హెల్మెట్ల ప్రమాణం నంబరు), సీఎం/ఎల్ నంబరు (తయారీదారు లైసెన్సు నంబరు) కూడా చూడాలి. ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ తప్పనిసరి. నంబరు లేని స్టిక్కర్‌ను నమ్మొద్దు.

నాలుగు చక్రాలున్నాయి కదా, పడదులే అనుకుంటారు. చాలా ఏటీవీల్లో వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద ఒకే వేగంతో తిరుగుతాయి, అందుకే మలుపులో బండి నేరుగా పోవాలని చూస్తుంది. కొత్తవాళ్లు భయపడి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటారు. బొటనవేలి కిందే యాక్సిలరేటర్, అదీ నొక్కుకుపోతుంది. అంతలో ఒక చక్రం గుండు ఎక్కితే క్వింటాలున్నర బండి మీదికే వస్తుంది. పడబోతోందని కాలు కింద పెడితే వెనక చక్రం దాని మీదికి ఎక్కుతుంది. మణికట్టుకు కట్టుకోవాల్సిన కిల్ స్విచ్ తాడు ఉంటే మనిషి పడగానే ఇంజన్ ఆగుతుంది. ఆ ట్రాక్‌లో తాడును హ్యాండిల్‌కే చుట్టేశారు!

“బాబును ముందు కూచోబెట్టుకోండి సార్, ఏం కాదు” అన్నాడు అక్కడి కుర్రాడు. మడ్‌గార్డ్ మీది దుబ్బ తుడిస్తే కంపెనీ స్టిక్కర్ బయటపడింది: 16 ఏళ్లలోపు వాళ్లు నడపొద్దు, ఇంకొకరిని ఎక్కించుకోవద్దు, తారు రోడ్డు మీద వద్దు, హెల్మెట్ లేకుండా వద్దు. ఎక్కనివ్వనందుకు పిల్లాడు మల్లేపల్లి దాకా మూతి ముడుచుకునే ఉన్నాడు. బావగారికైతే 700 పోయాయన్న బాధే ఎక్కువ.

మహబూబ్‌నగర్ వైపు చిన్న ట్రాక్ ఒకటి దీనికంటే ఎంతో నయం. టికెట్ 500. హెల్మెట్లు మూడు సైజుల్లో కొక్కేలకు వేలాడుతున్నాయి, చెమట అంటకుండా లోపలికి గుడ్డ టోపీ ఇస్తారు. చేతికి తాడు కట్టి, ఖాళీ జాగాలో రెండు చుట్లు తిప్పించాకే ట్రాక్ మీదికి వదులుతారు. వైజర్లు మాత్రం గీతలు పడి మసకబారాయి. దుబ్బకు గాగుల్స్ మన వెంట ఉంటే మేలు. ఎండాకాలమైతే పొద్దున 8 లోపు వెళ్లాలి. లేకపోతే ఉక్కకు తాళలేక సగంలోనే హెల్మెట్ తీసేస్తారు.

ఐఎస్ఐ ఫుల్ ఫేస్ హెల్మెట్ 1,200–1,500కు దొరుకుతుంది, సాగర్ రోడ్డులో రెండు టికెట్ల ఖర్చు. ఇంటినుంచే డిక్కీలో వేసుకెళ్లండి. మర్చిపోతే, వాళ్ల హెల్మెట్ చేతికి తీసుకుని పట్టీ బిగించి చూశాకే డబ్బు తియ్యండి. రసీదు చింపాక వాపసు అడిగితే దాని బదులు బోటింగ్ టోకెన్ చేతిలో పెడతారు.