పక్షుల ఫొటోలకు ఏది మేలు: 600 జూమా, తేలికపాటి ప్రైమా?

"పక్షుల కోసం ఒక్క లెన్సే కొనగలను. 150-600 తీసుకోనా, 400 లేదా 500 ప్రైమ్ తీసుకోనా?" ఈ మధ్య ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. (ఈ అంకెలు ఎంఎంలో లెన్స్ ఫోకల్ లెంగ్త్. అంకె ఎంత పెద్దదైతే పిట్ట అంత దగ్గరగా కనిపిస్తుంది. ప్రైమ్ అంటే జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్.) షార్ప్‌నెస్ పోలికలు ఈపాటికి మీరు చాలానే చూసి ఉంటారు. నేను మాత్రం ముందు బరువు చూస్తాను.

సిగ్మా 150-600 కాంటెంపరరీ దాదాపు 1.9 కిలోలు, అందులోనే స్పోర్ట్స్ మోడల్ 2.8 పైన. సోనీ 200-600 కూడా రెండు కిలోలు దాటుతుంది. నికాన్ 500 ఎఫ్/5.6 పీఎఫ్ మాత్రం 1.46 కిలోలే. కెనాన్ పాత 400 ఎఫ్/5.6 అయితే ఇంకా తక్కువ, 1.25. షాపులో ఓసారి ఎత్తి చూస్తే ఈ తేడా పెద్దగా తెలియదు. అదే లకుముకి పిట్ట కొమ్మ మీద కూర్చుని నీళ్లలోకి చూస్తోందనుకోండి. ఎప్పుడు దూకుతుందో చెప్పలేం కాబట్టి కెమెరా కంటి దగ్గరే ఉండాలి. చేతులు లాగేసి ఒక్క క్షణం దించామా, అది అప్పుడే దూకుతుంది! బరువుతో చెయ్యి వణుకుతుంటే ఎగిరే పిట్టను ఫ్రేములో నిలపడం కూడా కష్టమే. అందుకే ఎంత దూరం లాగుతుందన్న దానికన్నా ఎంతసేపు ఎత్తిపట్టుకోగలమన్నదే నాకు ముఖ్యం.

ట్రైపాడ్ ఉందిగా అంటారు. ఒకేచోట కూర్చుని తీసేవాళ్లకు గింబల్ హెడ్‌తో (బరువైన లెన్స్‌ను తేలిగ్గా అటూఇటూ తిప్పనిచ్చే ట్రైపాడ్ తల) అది బాగానే పనిచేస్తుంది. నడుస్తూ వెతికేవాళ్లకు మాత్రం మోయాల్సిన బరువు ఇంకా పెరుగుతుంది.

దూరం సంగతికొస్తే, 500తో తీసిన 24 మెగాపిక్సెళ్ల ఫొటోను 600 ఇచ్చే ఫ్రేముకు క్రాప్ చేసినా 16కి పైగా మిగులుతాయి. 400 అయితే పదిన్నర దాకా వస్తాయి, ఇక్కడ నష్టం ఉందని ఒప్పుకోవాల్సిందే. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్స్‌లోంచి వచ్చే వెలుతురు తగ్గుతుంది, అది సగానికి తగ్గితే ఒక స్టాప్ అంటారు. ఎఫ్/5.6, ఎఫ్/6.3 మధ్య ఉన్నది మూడో వంతు స్టాప్. దానికోసం వాదించుకోవడం దండగ. పైగా ఎండెక్కాక నేల మీంచి వేడిగాలి లేస్తుంటే దూరపు పిట్ట ఏ లెన్స్‌తో తీసినా అలికినట్టే వస్తుంది.

జూమ్‌కి ఒక గొప్ప సుగుణం ఉంది. ఆకుల మధ్య గంతులేసే తేనెపిట్టను 600 దగ్గర వ్యూఫైండర్‌లో వెతకడం నరకం. జూమ్‌ని వెనక్కి తిప్పి, పిట్టను ఫ్రేములో పట్టుకుని, మళ్లీ ముందుకెళ్లొచ్చు. ప్రైమ్‌తో ఆ వీలు లేదు. రెండు కళ్లూ తెరిచి, చూపు పిట్ట మీంచి తిప్పకుండా కెమెరాను కంటి దగ్గరికి తెచ్చుకోవడం అలవాటవ్వాలి, దానికి కొంత కాలం పడుతుంది. పెద్ద కొంగ మరీ దగ్గరికొస్తే ప్రైమ్‌లో రెక్కలు తెగిపోతాయి కూడా. మరుగు చాటున కూర్చుని, దగ్గరికొచ్చే పక్షులను తీసేవాళ్లయితే జూమే కొనుక్కోండి. నడిచి తిరిగేవాళ్లు ఎవరడిగినా నేను ప్రైమే అంటాను.

కెనాన్ 400 గురించి ఒక మాట. దానికి స్టెబిలైజేషన్ (చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా చూసే ఏర్పాటు) లేదు. ఎగిరే పక్షికి ఎలాగూ 1/2000 సెకను పెడతాం కాబట్టి అక్కడ ఆ లోటు తెలియదు. నీడలో కూర్చున్న గుడ్లగూబ దగ్గర తెలుస్తుంది.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. ప్రైమ్‌కి 1.4 టెలికన్వర్టర్ (లెన్స్ వెనక తగిలించి ఫోకల్ లెంగ్త్‌ను 1.4 రెట్లు చేసేది) పెడితే ఒక స్టాప్ పోతుంది, మంచి వెలుతురులో ఫర్వాలేదు. కెనాన్ ఆర్ఎఫ్ 600 ఎఫ్/11 కిలో లోపే ఉంటుంది, కానీ ఎఫ్/5.6తో పోలిస్తే వెలుతురు నాలుగో వంతే. పొద్దున్నే తీసేవాళ్లకు పనికిరాదు. నికాన్ పీ1000 లాంటి బ్రిడ్జి కెమెరాలు (లెన్స్ మార్చే వీల్లేనివి) 3000 ఎంఎం లెన్స్‌కు సమానమైన దూరం దాకా లాగుతాయి. పిట్ట ఏదో గుర్తుపట్టడానికి అవి చాలు. జూమే కావాలి, బరువు వద్దు అంటే కెనాన్ ఆర్ఎఫ్ 100-500 ఉంది, ట్రైపాడ్‌కి బిగించే కాలర్ తీసేస్తే 1.37 కిలోలే. దాని ఖరీదు చూశాక కూడా మనసు మారకపోతే నిక్షేపంగా కొనుక్కోండి.