మిద్దెమీద హైపర్‌టూఫా తొట్లు, సిమెంటు బొమ్మలు: నాలుగు వేసవుల తర్వాత

తిరుపతి ఎండకు ప్లాస్టిక్ కుండీ రెండేళ్లలో పెళుసెక్కుతుంది. అంచు పట్టుకుని ఎత్తితే ముక్క చేతికొస్తుంది. మట్టి కుండీ చెట్టుకు మంచిదే గానీ, కపిలతీర్థం, అలిపిరి వైపు ఇళ్లలో కోతి ఒక్క తోపు తోస్తే పోయినట్టే. మా మిద్దెమీద ఇంట్లో పోసుకున్న తొట్లు మూడు రకాలున్నాయి: హైపర్‌టూఫావి (ఇసుక లేని తేలికపాటి సిమెంటు మిశ్రమంతో పోసినవి), మామూలు సిమెంటు మాలుతో పోసినవి, పాత తువ్వాలును సిమెంటు పాలలో ముంచి బోర్లించిన బకెట్ మీద ఆరబెట్టినవి. నాలుగు వేసవులు, నాలుగు ఈశాన్య రుతుపవనాలు చూశాక నా ఓటు హైపర్‌టూఫాకే. గుడ్డ తొట్లు మళ్లీ చేయను, ఎవరికీ చేయమని చెప్పను.

టూఫా అంటే సున్నం కలిసిన నీటి ఊటల దగ్గర పేరుకునే బొరియల రాయి. తేలిగ్గా ఉంటుంది, నీళ్లు పీలుస్తుంది. మాలులో ఇసుక, కంకర తీసేసి పీట్ మాస్ (చిత్తడి నేలల్లో చివికిన నాచు), పెర్లైట్ (వేడికి పొంగిన తేలికైన తెల్ల రాతి గుళికలు) వేస్తే దాదాపు అలాంటి రాయే వస్తుంది, అదే హైపర్‌టూఫా. పీట్ మాస్ మనకు ఖరీదు. దాని స్థానంలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వాడొచ్చు, కానీ ఉన్నదున్నట్టు వేస్తే పని చెడుతుంది. ఇటుకగా వచ్చే కోకోపీట్‌లో ఉప్పు, టానిన్ (రంగు వదిలే వగరు పదార్థం) ఉంటాయి. టానిన్ సిమెంటును త్వరగా గట్టిపడనివ్వదు, ఉప్పు తర్వాత తెల్లగా పైకి తేలుతుంది. నానబెట్టి, గుడ్డలో వేసి పిండి, మూడుసార్లు నీళ్లు మార్చాలి. ముదురు డికాషన్ రంగు పోయి పల్చని టీ రంగుకు వచ్చాక జల్లెడ మీద రుద్ది పీచు, గడ్డలు తీసేయాలి.

కొలత: సిమెంటు ఒక పాలు, కోకోపీట్ ఒకటిన్నర, పెర్లైట్ ఒకటిన్నర. అన్నీ ఒకే మగ్గుతో కొలవాలి, బరువుతో కాదు. 20 లీటర్ల పెయింటు బకెట్ బయటి అచ్చు, 10 లీటర్లది లోపలి అచ్చు అయితే తొట్టికి మూడు లీటర్ల సిమెంటు, మిగతా రెండూ నాలుగున్నర లీటర్ల చొప్పున పడతాయి. 50 కిలోల బస్తా సుమారు 35 లీటర్లు ఉంటుంది కాబట్టి బస్తాకు పది, పదకొండు తొట్లు వస్తాయి. ఆరిన తొట్టి తేలిగ్గా ఉంటుంది. అంతే మందంలో ఇసుక, సన్న కంకర చిప్స్‌తో పోసింది ఇరవై కిలోలు దాటుతుంది. పాలీప్రొపిలీన్ పోగులు (సన్న ప్లాస్టిక్ దారాలు) బస్తాకు 125 గ్రాముల లెక్కన కలిపితే అంచులు ఊడటం బాగా తగ్గింది. పెర్లైట్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు కట్టుకుని ముందే కొంచెం నీళ్లు చిలకరించండి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, రబ్బరు తొడుగులు లేకుండా చేయి పెట్టొద్దు. పెర్లైట్‌కు బదులు థర్మోకోల్ పూసలు వేసినవి కూడా ఉన్నాయి. వాటి పైపొర ఎండకు రాలి పూసలు మిద్దెంతా ఎగురుతున్నాయి.

నీళ్లకు కొలత చెప్పలేం, కోకోపీట్ ఎంత తడి మీద ఉందో దాన్నిబట్టి మారుతుంది. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి రెండు మూడు చుక్కలే రావాలి. ధార కడితే నీళ్లు ఎక్కువైనట్టే. ఎక్కువైన నీళ్లు ఆరిపోయాక ఆ జాగా ఖాళీగా మిగిలి గోడ బలహీనపడుతుంది.

మాలు అచ్చుకు అంటకుండా ఉండటానికి నూనె కంటే పాలిథిన్ కవరు నయం, కాకపోతే మడతల గీతలు పడతాయి. అడుగున రెండు చోట్ల 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కలు నిలబెట్టి, చుట్టూ నాలుగు సెంటీమీటర్ల మందాన మాలు కూరాలి. లోపలి బకెట్‌ను ఇసుకతో నింపి మధ్యలో పెట్టి, సందులో గుప్పెడు గుప్పెడుగా వేస్తూ కర్రతో దట్టించాలి. గోడ మూడు సెంటీమీటర్లకు తగ్గకూడదు. మా దగ్గర చీలిన హైపర్‌టూఫా తొట్లు నాలుగే. వాటిలో మూడు, లోపలి బకెట్ ఒక పక్కకు జరిగి గోడ రెండు సెంటీమీటర్లకు పల్చబడినవి.

నాలుగోది మే నెలలో పోసింది. చలిదేశాల్లో ఈ తొట్లకు శత్రువు గోడలో నీళ్లు గడ్డకట్టడం. మనకు ఆ బాధ లేదు, మన శత్రువు మొదటి వారం ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, పచ్చి సిమెంటు సంగతి చెప్పాలా? సిమెంటు ఆరితే గట్టిపడదు, నీళ్లతో కలిసి జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. మధ్యలో తడి పోతే ఆ చర్య అక్కడే ఆగి, ఎండిన చోట మాలు కుంచించుకుని చీలుతుంది. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఓపీసీకి (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) కనీసం ఏడు రోజులు, పీపీసీ (బూడిద వంటివి కలిపిన సిమెంటు) లాంటి వాటికి పది రోజులు నీళ్లు పట్టాలి. వేడి, పొడి వాతావరణంలో ఓపీసీకీ పది రోజులు తగ్గకూడదు, పీపీసీకైతే పద్నాలుగు మేలు. ఇళ్లకు ఎక్కువగా దొరికేది పీపీసీయే కాబట్టి పద్నాలుగు లెక్కపెట్టుకోండి. అచ్చుతో సహా పాలిథిన్‌లో చుట్టి నీడన 36 నుంచి 48 గంటలు ఉంచాలి. గోరుతో గీస్తే గీత పడాలి, పొడి రాలకూడదు. అప్పుడు విప్పి, అంచులు రంపం బ్లేడుతో గీకి, తడి గోనెసంచి చుట్టి మళ్లీ కవర్లో పెట్టాలి. మెట్ల కింద జాగా ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. జూలై నుంచి ఫిబ్రవరి మధ్య పోసినవాటిలో ఎండకు చీలింది ఒక్కటీ లేదు.

బొమ్మల్లో బాగా కుదిరింది తిరుమల శిలాతోరణం (కొండమీది సహజ రాతి తోరణం) నమూనా. అసలు తోరణం 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, అందుకని 80 సెంటీమీటర్లకు 30 పెట్టుకుంటే పోలిక సరిగ్గా వస్తుంది. లోపల 8 ఎంఎం కడ్డీ వంచి, చికెన్ మెష్ (కోళ్ల గూళ్లకు కట్టే సన్న ఇనుప వల) చుట్టి, తొట్టికి కలిపిన మాలునే పట్టించాలి. పోసిన పది పన్నెండు గంటలకు మాలు పాత బెల్లంలా ఉంటుంది, అప్పుడే పాత ఫోర్కుతో అడ్డంగా పొరలు గీయాలి. అంతకు ముందు గీస్తే జారుతుంది, మర్నాటికైతే గీత పడదు. మెష్ మీద రెండు సెంటీమీటర్ల మాలు ఉండాలి. ఒక కాలు దగ్గర తక్కువ పడింది, రెండో వానాకాలానికే తుప్పు మరక బయటికొచ్చింది.

ఆకు మీద మాలు పూసి తీసే ఆకు అచ్చులకు మాత్రం హైపర్‌టూఫా పనికిరాదు, ఈనెలు పడవు. సన్న ఇసుక రెండు పాళ్లు, సిమెంటు ఒక పాలు. ఇసుక కుప్ప మీద కవరు పరిచి, ఆకు వెనకవైపు పైకి పెట్టి, మధ్యలో రెండు సెంటీమీటర్లు, అంచుల్లో ఒకటి వచ్చేలా పూయాలి. చేమాకు, తామరాకు ఒక్క లాగుకు ఊడొస్తాయి. బాదం ఆకు ఈనెల్లో ఇరుక్కుంటుంది, వారం ఆగి బ్రష్షుతో రుద్దితే పోతుంది. రంగు కావాలంటే సిమెంటు బరువులో ఐదు శాతం రెడ్ ఆక్సైడ్ మాలులోనే కలపండి. పైన వేసిన పెయింటు లోపలి తడికి ఏడాదిలో పొరలు పొరలుగా లేచిపోయింది. మజ్జిగ పూసి నాచు పట్టించడం కార్తీకంలో బాగానే పనిచేస్తుంది. ఫిబ్రవరి దాటితే ఆ పచ్చదనం మిగలదు.

గుడ్డ తొట్లలో పెంకు మందం అర సెంటీమీటరే. లోపలి గుడ్డ కుళ్లాక దాన్ని పట్టి ఉంచేది ఏమీ లేదు. మూడో వేసవికి అన్నీ మడతల దగ్గరే విడిపోయాయి.

కొత్త తొట్టిలో నేరుగా మొక్క పెట్టొద్దు. పచ్చి సిమెంటు పీహెచ్ 12 పైన ఉంటుంది, అంటే క్షారం చాలా ఎక్కువ. నీళ్లు పట్టడం అయ్యాక తొట్టి మునిగేలా నీళ్లు నిలిపి, మూడు రోజులకోసారి మారుస్తూ రెండు వారాలు ఉంచాలి, లేదా నవంబరు వానల్లో వదిలేయాలి. ఇలా చేసినా గులాబి, కరివేపాకు ఆకులు మాకు పసుపెక్కాయి. ఎడీనియం, కలబంద, కాక్టస్‌లకు మాత్రం ఈ తొట్టి చక్కగా సరిపోయింది. గోడ నీళ్లు పీల్చి బయటికి ఆవిరి చేస్తుంది కాబట్టి మధ్యాహ్నం కూడా వేరు దగ్గర మట్టి ప్లాస్టిక్ కుండీలో అంత కాగదు. అదే కారణంగా వేసవిలో నీళ్లు కొంచెం ఎక్కువ పోయాలి.

తడి మట్టితో తొట్టి పాతిక కిలోలు దాటుతుంది. పిట్టగోడ మీద పెట్టొద్దు, కింద గోడ ఉన్న వరసలో, రెండు ఇటుకల మీద పెట్టండి. సన్న పగులైతే తొట్టిని ఒక రాత్రి నానబెట్టి, ఎస్‌బీఆర్ లేటెక్స్ (సిమెంటు బాగా అంటుకునేలా కలిపే రబ్బరు పాల లాంటి ద్రవం) కలిపిన సిమెంటు పట్టిస్తే ఆగుతుంది. పొడిగా ఉండగా పూస్తే పాత గోడ నీళ్లు లాగేసి, పూత పొలుసులా లేస్తుంది. అడుగు రెండుగా చీలినదాన్ని అతికే ప్రయత్నం దండగ. అలాంటివాటిని సుత్తితో కొట్టి, ముక్కలను కొత్త తొట్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాల మీద వేస్తున్నాం.